గుర్రం కడుపులో నట్టలు: వానకూ రోగనిరోధక శక్తికీ ఉన్న లెక్క

ఉత్తర భారతదేశంలో గుర్రాలు పెంచేవాళ్లకు 'బర్సాతీ' అనే పేరు బాగా తెలుసు. వానలు మొదలవగానే గుర్రం కంటి మూలనో, కాలి మీదో, ఎప్పటిదో చిన్న గాయం దగ్గరో పుండు లేస్తుంది. ఎంత కడిగినా మానదు. ఎర్రగా కండ పెరుగుతుంది, లోపల పసుపుపచ్చని గట్టి పలుకులు తగులుతాయి, దురద ఆగక గుర్రం ఆ చోటునే కొరుక్కుంటుంది. చలికాలం వచ్చేసరికి చాలా గుర్రాల్లో అదే తగ్గుముఖం పడుతుంది. మళ్లీ ఏడు వానలకు మళ్లీ లేస్తుంది. పేరులోనే 'బర్సాత్' ఉంది, అంటే వాన. బ్రిటిష్ సైన్యంలోని పశువైద్యులు 19వ శతాబ్దంలో దీని గురించి చాలా రాశారు, అంతకంటే ఎక్కువ వాదించుకున్నారు. ఇది శిలీంధ్రం పని అన్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఇప్పుడు వెనక్కి చూస్తే, ఆ ఒక్క పేరు కింద ఒకటికి మించి జబ్బులు కలిసిపోయి ఉండేవని తెలుస్తుంది. నీటి మడుగుల్లో పెరిగే పిథియం అనే జీవి వల్ల వచ్చే పుళ్లు కూడా వాటిలో ఉన్నాయి. కానీ బర్సాతీ అనగానే ఇవాళ పశువైద్యులు ముందుగా అనుమానించేది పొట్టలో ఉండాల్సిన ఒక నట్టను.

దాని పేరు హాబ్రోనెమా. గుర్రం జీర్ణాశయంలో ఉండి పెద్దగా బాధ పెట్టకుండానే బతికేస్తుంది. దాని సంతానం లద్దెతో పాటు బయటకు వస్తుంది, లద్దెలో పెరుగుతున్న ఈగ పురుగుల ఒంట్లోకి చేరుతుంది. ఆ పురుగు ఈగగా మారి గుర్రం పెదవుల మీద వాలినప్పుడు లార్వా దిగిపోతుంది, గుర్రం దాన్ని మింగుతుంది, చక్రం పూర్తవుతుంది. చిక్కు ఎక్కడంటే, అదే ఈగ పెదవి మీద కాకుండా పుండు మీదో కంటి తడి మీదో వాలినప్పుడు. అక్కడ దిగిన లార్వా పెద్దది కాలేదు, లోపలికీ పోలేదు. చర్మంలోనే చస్తుంది. ఆ చిన్న ప్రాణికి గుర్రం రోగనిరోధక వ్యవస్థ ఇచ్చే అతి స్పందనే ఆ పుండు. అందుకే బర్సాతీకి నట్టల మందు ఒక్కటే సరిపోదు. మంటను తగ్గించే స్టెరాయిడ్ కూడా వైద్యులు తరచుగా కలిపి వాడతారు.

ఒకే పురుగు, ఒకే గుర్రం. పొట్టలో ఉంటే ఇద్దరికీ రాజీ, చర్మంలో ఉంటే రోగం. గుర్రానికీ దాని నట్టలకూ మధ్య సంబంధం గురించి ఈ వ్యాసంలో చెప్పబోయేదంతా ఒక రకంగా ఈ ఉదాహరణలోనే ఉంది. గుర్రం రోగనిరోధక శక్తి నట్టలను పూర్తిగా తుడిచిపెట్టదు, హద్దులో పెడుతుంది. ఆ హద్దు ఎక్కడ ఉంటుందో వయసు, తిండి, పని భారం, వాన కలిసి తేలుస్తాయి. చల్లని దేశాల క్యాలెండర్ చూసి మన గుర్రాలకు మందు పోయడం ఈ లెక్కను చెడగొడుతోంది.

ఎవరి గుర్రాలు?

2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, తట్టు గుర్రాలు కలిపి సుమారు 3.4 లక్షలు. 2012లో అవి 6.25 లక్షలు. ఏడేళ్లలో దాదాపు సగం పోయాయి. గాడిదలు, కంచర గాడిదల తగ్గుదల ఇంకా వేగంగా ఉంది. పక్కనే పాకిస్తాన్‌లో మాత్రం గాడిదలే 50 లక్షలకు పైగా ఉన్నాయి. మిగిలిన జంతువుల్లో ఎక్కువ భాగం రేసు గుర్రాలు కావు. ఉత్తరప్రదేశ్ ఇటుక బట్టీల్లో పచ్చి ఇటుకలు లాగేవి, కేదార్‌నాథ్, వైష్ణోదేవి దారుల్లో యాత్రికులను మోసేవి, పెళ్లి ఊరేగింపుల్లో నడిచేవి. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో రోడ్డు లేని కొండ ఊళ్లకు బియ్యం, నూనె చేరవేసే గుర్రాలు కూడా ఈ జాబితాలోవే. వీటి యజమానికి గుర్రం మూడు రోజులు లేవకపోతే ఆ మూడు రోజుల కూలి పోతుంది. చస్తే అప్పు మిగులుతుంది.

ఇంకో చివర మలక్‌పేట రేస్‌కోర్సు లాంటి చోట్ల ఉన్న మేలుజాతి గుర్రాలున్నాయి. వాటికి వైద్యుడు, లెక్క ప్రకారం దాణా, వేళకు మందు అన్నీ ఉంటాయి. ఒకచోట మందు అందదు, ఇంకోచోట అవసరానికి మించి అందుతుంది. నట్టల విషయంలో రెండూ సమస్యలే, అయితే అవి ఒకే రకం సమస్యలు కావు.

ఏ నట్టలు, ఎక్కడ?

గుర్రం కడుపులో ఉండే పురుగుల జాబితా చాలా పొడుగు. ప్రాణం మీదికి తెచ్చేవి మాత్రం ప్రధానంగా మూడు గుంపులు.

మొదటిది పెద్ద స్ట్రాంగైల్స్. వీటిలో స్ట్రాంగైలస్ వల్గారిస్ పేరు వింటే పాతతరం పశువైద్యులు ఇప్పటికీ జాగ్రత్త పడతారు. పెరిగిన పురుగు రెండున్నర సెంటీమీటర్లకు మించదు. ప్రమాదం దాని లార్వాతో. గడ్డితో పాటు కడుపులోకి వెళ్లిన లార్వా పేగు గోడ దాటి చిన్న రక్తనాళాల్లోకి చొరబడి, వాటి గోడల వెంటే ఎదురు ప్రయాణం చేసి, పేగులకు రక్తం అందించే ప్రధాన ధమని మొదట్లో తిష్ట వేస్తుంది. అక్కడ గోడ మందమవుతుంది, రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ముక్క విరిగి కిందికి కొట్టుకుపోతే పేగులో ఒక భాగానికి రక్తం ఆగిపోతుంది. గుర్రం నేల మీద పడి దొర్లుతుంది. లార్వా తిరిగి పేగులోకి వచ్చి గుడ్లు పెట్టేసరికి ఆరేడు నెలలు పడుతుంది. అంటే లద్దె పరీక్షలో దాని గుడ్లు కనిపించక ముందే జరగాల్సిన నష్టం జరిగిపోవచ్చు.

రెండోది చిన్న స్ట్రాంగైల్స్, శాస్త్రవేత్తల భాషలో సయాథోస్టోమిన్లు. యాభై దాకా జాతులున్నాయి. పచ్చిక మీద మేసే దాదాపు ప్రతి గుర్రంలోనూ ఏవో కొన్ని ఉంటాయి. ఇవి రక్తనాళాల్లో తిరగవు. పెద్దపేగు గోడలోకి దూరి, చుట్టూ ఒక తొడుగు కట్టుకుని నిద్రలోకి వెళ్తాయి. ఆ నిద్ర కొన్ని నెలలు ఉండొచ్చు, రెండేళ్లూ దాటొచ్చు. ఒక గుర్రంలోని మొత్తం చిన్న స్ట్రాంగైల్స్‌లో అధిక భాగం ఇలా గోడల్లోనే దాగి ఉండే సందర్భాలున్నాయి. అవన్నీ ఒక్కసారిగా నిద్రలేచి గోడ చీల్చుకుని బయటికి వస్తే తీవ్రమైన విరేచనాలు, నీరు పట్టడం, బక్కచిక్కిపోవడం. ఆ స్థితికి చేరిన గుర్రాల్లో సగం వరకు చికిత్స చేసినా దక్కకపోవచ్చు.

మూడోది పారాస్కారిస్. మనుషుల్లో ఉండే ఏలికపాముకు పెద్ద చుట్టం లాంటిది, అడుగు పొడవు దాటి పెరుగుతుంది. ఇది గుర్రపు పిల్లల జబ్బు. ఆడ పురుగు రోజుకు లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. వాటి పెంకు మందం, పైన జిగురు. పాక నేలకూ, దాణా తొట్టికీ, తల్లి పొదుగుకూ అంటుకుని ఏళ్ల తరబడి బతుకుతాయి. గుర్రపు పిల్ల పేగును మూసేసేంతగా పెరిగితే పేగు పగిలిపోవడమూ ఉంటుంది. ఈ పురుగుకు సైన్స్ చరిత్రలో వేరే గౌరవం కూడా ఉంది. దీని కణాల్లో క్రోమోజోములు చాలా తక్కువ, పెద్దవి, సూక్ష్మదర్శినిలో స్పష్టంగా కనిపిస్తాయి. 1880లలో వాన్ బెనెడెన్, ఆ తర్వాత బోవేరి కణ విభజన రహస్యాలు చాలావరకు దీని గుడ్లలోనే చూశారు.

మిగతావాటిలో బద్దె పురుగు, తోక కింద దురద పెట్టే పిన్‌వార్మ్, తల్లి పాల ద్వారా పసి పిల్లకు చేరే స్ట్రాంగైలాయిడిస్ ఉన్నాయి. బద్దె పురుగు పెద్దపేగు మొదట్లో గుంపుగా అతుక్కుని కడుపునొప్పికి కారణమవుతుంది.

పిల్ల, పెద్ద, ముసలి

ఆవు, మేకల్లాగే గుర్రం కూడా గర్భంలో ఉన్న పిల్లకు యాంటీబాడీలు పంపలేదు. మావి నిర్మాణం అందుకు ఒప్పుకోదు. పుట్టిన తొలి కొద్ది గంటల్లో తాగే జున్నుపాలతోనే పిల్లకు తల్లి రక్షణ దక్కుతుంది. ఒక రోజు గడిస్తే పేగు ఆ యాంటీబాడీలను రక్తంలోకి తీసుకోవడం మానేస్తుంది. జున్నుపాలు పిండి పారబోసే అలవాటు ఉన్న చోట్ల పిల్ల చేతికి వచ్చిన కవచం నేలపాలైనట్టే. అయితే నట్టల విషయంలో ఈ కవచం పెద్దగా అక్కరకు రాదు. పిల్ల తన సొంత రక్షణ తానే కట్టుకోవాలి.

పారాస్కారిస్ మీద అది బాగానే కట్టుకుంటుంది. ఆరు నెలలు దాటాక పురుగుల సంఖ్య పడిపోతుంది, ఏడాది నిండాక చాలా గుర్రాల్లో కనిపించదు. పాత పరిచయం వల్ల వచ్చే నిరోధంతో పాటు, వయసుతోనే వచ్చే నిరోధమూ ఇందులో ఉంది. లోపలికి వెళ్లిన లార్వా కాలేయం, ఊపిరితిత్తులు దాటి తిరిగి పేగుకు చేరలేకపోతుంది. కాబట్టి ఐదేళ్ల గుర్రానికి ఏలికపాముల మందు అంటూ పోయడంలో అర్థం లేదు. నాలుగు నెలల పిల్లకు పోయకపోవడంలో అంతకంటే లేదు.

చిన్న స్ట్రాంగైల్స్ దగ్గర కథ వేరు. వాటి మీద నిరోధం ఏళ్ల మీద నెమ్మదిగా వస్తుంది, ఎప్పటికీ పూర్తి కాదు. అది పనిచేసే తీరు కూడా వింతగా ఉంటుంది. రక్షణ పెరిగిన గుర్రంలో పురుగులు చావడం కంటే, లార్వాలు గోడల్లో ఎక్కువ కాలం ఆగిపోవడం, పెరిగిన పురుగులు తక్కువ గుడ్లు పెట్టడం కనిపిస్తాయి. పేగు లోపల పెద్ద పురుగులు నిండి ఉన్నంతకాలం గోడలోని లార్వాలు బయటికి రావడానికి తొందరపడవు. మందు పోసి ఆ పెద్ద పురుగులను ఒక్కసారిగా ఊడ్చేస్తే జాగా ఖాళీ అవుతుంది, లోపలివి లేస్తాయి. గోడ చీల్చుకుని వచ్చే ఆ ప్రమాదకర జబ్బు ఇటీవలే మందు తాగిన గుర్రాల్లో ఎక్కువగా కనిపించడం పశువైద్యులు చాలాకాలంగా గమనిస్తున్నదే. నట్టల మందు పోస్తే గుర్రానికి ఎప్పుడూ మేలే అనే నమ్మకం ఇక్కడ చెల్లదు.

నిరోధక శక్తి గుర్రం గుర్రానికీ తేడాగా ఉంటుంది. ఒక మందలోని పెద్ద గుర్రాల లద్దె పరీక్షిస్తే, ఇరవై ముప్పై శాతం గుర్రాలే మొత్తం గుడ్లలో ఎనభై శాతం దాకా వదులుతుంటాయి. మిగతావి చాలా తక్కువ. ఈ ఏడు తక్కువ వదిలిన పెద్ద గుర్రం వచ్చే ఏడు కూడా చాలావరకు తక్కువే వదులుతుంది. అంటే పది గుర్రాల పాకలో పచ్చికను పాడుచేసేవి రెండో మూడో. అవి ఏవో చూసి చెప్పలేం. నిగనిగలాడే గుర్రం కూడా వాటిలో ఉండొచ్చు.

ఈ పోరాటంలో శరీరం వాడే ఆయుధాలు మనిషిలో నట్టలు, అలర్జీల మీద పనిచేసేవే. ఐజీఈ అనే యాంటీబాడీ, ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు, పేగు గోడ నుంచి ఊరే జిగురు. గుర్రంలో వీటికి తోడు ఐజీజీ-టి అనే యాంటీబాడీ రకం స్ట్రాంగైల్స్ సోకినప్పుడు బాగా పెరుగుతుంది. ఆ 'టి' అంటే టెటనస్, ధనుర్వాతం. ధనుర్వాతానికి విరుగుడు సీరం తయారు చేయడానికి పదేపదే సూది వేసిన గుర్రాల రక్తంలో దాన్ని మొదట గుర్తించడంతో ఆ పేరు నిలిచింది. పాముకాటు విరుగుడు తయారీ ఇప్పటికీ గుర్రం రక్తం మీదే ఆధారపడి ఉంది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న విన్స్ బయోప్రొడక్ట్స్ కూడా ఆ పనిలో ఉన్న సంస్థే. పొలంలో పాము కరిచిన రైతు ఒంట్లోకి ఎక్కించే మందుకు మూలం ఒక గుర్రం ఇమ్యూనిటీ.

ఎండ చంపుతుంది, వాన బతికిస్తుంది

స్ట్రాంగైల్ గుడ్డు లద్దెతో బయటపడ్డాక లార్వాగా మారి, పచ్చిక ఎక్కి, మళ్లీ గుర్రం నోట పడాలి. ఈ బయటి జీవితం పూర్తిగా వాతావరణం చేతిలో ఉంటుంది. 25 నుంచి 33 డిగ్రీల సెల్సియస్ మధ్య, తడి ఉంటే, గుడ్డు నుంచి సోకే దశ లార్వా దాకా మూడు నాలుగు రోజులు చాలు. పది డిగ్రీల చలిలో అదే పనికి వారాలు పడుతుంది. నలభై దాటిన ఎండలో గుడ్లూ లార్వాలూ త్వరగా చస్తాయి.

సోకే దశ లార్వా ఏమీ తినదు. ఒంట్లో నిల్వ ఉన్న శక్తితోనే బతుకుతుంది. వేడిలో ఎక్కువ కదులుతుంది కాబట్టి ఆ నిల్వ త్వరగా అయిపోతుంది. ఐరోపాలో మంచు కింద నెలల తరబడి బతికే లార్వా, మన జూలై వేడిలో బహిరంగ పచ్చిక మీద కొన్ని వారాలకు మించి ఉండదు. ఇక్కడ పుట్టుక వేగం, చావూ వేగమే. చల్లని దేశాల్లో రెండూ నిదానం.

ఇందులో ఒక మెలిక ఉంది. వానల తర్వాత ఎండిన లద్దె ఉండ పైన గట్టి పొర కడుతుంది, లోపల కొంత చెమ్మ మిగులుతుంది. ఆ చెమ్మలో లార్వాలు పొడికాలాన్ని కూడా దాటగలవు. తొలకరి జల్లు పడగానే పొర మెత్తబడుతుంది, అవి కొత్త పచ్చిక మీదికి పాకుతాయి. ఆస్ట్రేలియాలో ఉష్ణమండల ప్రాంతమైన ఉత్తర క్వీన్స్‌ల్యాండ్ మీద జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1980లలో చేసిన అధ్యయనాలు ఉష్ణ దేశాల గుర్రాల నట్టల గురించి చదివేవారికి ఇప్పటికీ ఆధారాలు. ఎండిన లద్దెలో లార్వా బతుకు గురించి అవి ప్రత్యేకంగా పరిశీలించాయి.

మన ఉపఖండం అంతా ఒకే ఉష్ణమండలం కాదు కదా. రాజస్థాన్ ఎడారిలో తిరిగే మార్వాడీ గుర్రానికి స్ట్రాంగైల్స్ సోకే కాలం వానలతో పాటు వచ్చి వానలతో పోతుంది. అసోం, బంగ్లాదేశ్ పల్లపు పచ్చికల్లో అది ఏడాదిలో ఎక్కువ భాగం ఉంటుంది. పాడేరు కొండల్లో వాన ఎక్కువ, వేడి తక్కువ కాబట్టి కిందనున్న మైదానం కంటే అక్కడ లార్వా ఎక్కువ కాలం బతికే అవకాశం ఉంది. యాత్రా కాలంలో మైదానం నుంచి హిమాలయాలకు నడిచి వెళ్లే కంచర గాడిదలు ఒకచోట మింగిన లార్వాలను ఇంకోచోటికి మోసుకెళ్తాయి. పట్నంలో జట్కా గుర్రం పచ్చికే చూడదు కాబట్టి స్ట్రాంగైల్స్ బెడద తక్కువ. కానీ వేరే గుర్రాలు మేసే తడి చోట్ల కోసిన గడ్డి తెచ్చి వేస్తే ఆ తేడా పోతుంది.

బక్క గుర్రం, అలసిన గుర్రం

రోగనిరోధక శక్తికి ముడిసరుకు తిండి. యాంటీబాడీ అంటే ప్రోటీన్, పేగు గోడ మరమ్మతు అంటే ప్రోటీన్. గొర్రెల మీద జరిగిన చాలా పరిశోధనలు ప్రోటీన్ పెంచితే నట్టల నిరోధం మెరుగవుతుందని చూపించాయి. గుర్రాల మీద అంత పని జరగలేదు, కానీ సూత్రం మారుతుందనుకోవడానికి కారణం లేదు. ఇటుక బట్టీలో రోజంతా బండి లాగి, సాయంత్రం గోధుమ పొట్టు, కాస్త ఊక తినే గుర్రం ఏ ప్రోటీన్‌తో పోరాడుతుంది? అలాంటి గుర్రానికి సంచి శనగలు ఇవ్వడం కూడా నట్టల చికిత్సే అని చెబితే అతిశయోక్తి కాదు.

బక్కచిక్కిన ప్రతి గుర్రానికీ నట్టలే కారణం అనుకోవడం ఇంకో పొరపాటు. పాలిపోయిన చిగుళ్లు, కాళ్ల వాపు, వచ్చిపోయే జ్వరం కనిపిస్తే అది 'సర్రా' కావచ్చు. రక్తంలో ఉండే ట్రిపనోసోమా ఇవాన్సై వల్ల వచ్చే ఆ జబ్బును గుర్రపు ఈగలు వ్యాపింపజేస్తాయి, అదీ వానాకాలంలోనే పెరుగుతుంది. జబ్బు చేసిన జంతువుల రక్తంలో ట్రిపనోసోమాను తొలిసారిగా పట్టుకున్నది కూడా ఈ ఉపఖండంలోనే. 1880లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న డేరా ఇస్మాయిల్ ఖాన్ దగ్గర, పశువైద్యుడు గ్రిఫిత్ ఇవాన్స్ గుర్రాలు, ఒంటెల రక్తంలో దాన్ని చూశాడు. సర్రా ఉన్న గుర్రానికి నట్టల మందు పోసి వారం ఆగితే ఆ వారం చేజారిపోతుంది.

కడుపునొప్పి విషయంలోనూ అంతే. 2022 చార్‌ధామ్ యాత్ర తొలి వారాల్లో కేదార్‌నాథ్ దారిలో పదుల సంఖ్యలో గుర్రాలు, కంచర గాడిదలు చనిపోయిన వార్తలు దేశమంతా చూసింది. గుర్రం కడుపునొప్పికి నీళ్లు చాలకపోవడం, ఎండు మేత, విశ్రాంతి లేని పని, అరిగిన పళ్లు, నట్టలు అన్నీ కారణాలే. శవపరీక్షలో పేగు ధమని తెరిచి చూడకుండా అందులో నట్టల వాటా ఎంతో తేల్చలేం. సంఖ్యలు ప్రకటించినంత వేగంగా కారణాలూ బయటపెట్టే ఏర్పాటు ఉంటేనే మరుసటి యాత్రకు పాఠం మిగులుతుంది.

మందు ఎలా అరిగిపోయింది?

1966లో అమెరికాలోని కెంటకీలో డ్రడ్జ్, లయన్స్ అనే పరిశోధకులు ఒక పద్ధతి సూచించారు. గుర్రాలన్నిటికీ ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి నట్టల మందు ఇవ్వాలి. వాళ్ల గురి ప్రధానంగా స్ట్రాంగైలస్ వల్గారిస్ మీద. అప్పటికి థయాబెండజోల్ వచ్చి కొన్నేళ్లే అయింది. పద్ధతి అద్భుతంగా పనిచేసింది. క్రమం తప్పకుండా మందు వాడిన చోట్ల ఆ ప్రాణాంతక పురుగు దాదాపు కనుమరుగైంది. 1980లలో ఐవర్‌మెక్టిన్ రావడంతో పని ఇంకా తేలికైంది. ఆ మందు వెనక ఉన్న సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ వచ్చింది.

పాత శత్రువు పోయినా అలవాటు పోలేదు. ఏ పురుగు కోసం పోస్తున్నారో మరిచిపోయి, క్యాలెండర్ చూసి పోయడం మిగిలింది. ఈలోగా చిన్న స్ట్రాంగైల్స్ ఫెన్‌బెండజోల్ కుటుంబానికి ప్రపంచమంతటా అలవాటు పడిపోయాయి. ఉత్తర భారతదేశంలోనూ ఆ నిరోధం నమోదైంది. పారాస్కారిస్ ఐవర్‌మెక్టిన్‌కు లొంగడం లేదని 2002లో నెదర్లాండ్స్ నుంచి తొలి నివేదిక వచ్చింది, ఆ తర్వాత చాలా దేశాల నుంచి వచ్చాయి. గుర్రాల నట్టల కోసం పూర్తిగా కొత్త వర్గం మందేదీ ఆ తర్వాత మార్కెట్లోకి రాలేదు. డెన్మార్క్ 1999లోనే చీటీ లేకుండా ఈ మందులు అమ్మడం ఆపేసింది. పశువైద్యుడు పరీక్ష చేసి రాస్తేనే ఇస్తారు.

తెలుగు రాష్ట్రాల్లో గొర్రెలు, మేకలకు ప్రభుత్వం మందలకు మందలే నట్టల మందు తాగించే కార్యక్రమాలు నడుపుతుంది. ఆ నమూనాను గుర్రాలకు ఉన్నదున్నట్టు దింపడం తెలివైన పని కాదని ఈ వ్యాస రచయిత అభిప్రాయం. కారణం పైన చెప్పిన ఇరవై-ఎనభై లెక్కే. తక్కువ గుడ్లు వదిలే గుర్రం కడుపులోని పురుగులు మందు రుచి చూడనివి, మందుకు లొంగేవి. వాటిని అలా ఉండనిస్తే, మందు తట్టుకున్న కొద్ది పురుగుల సంతానం వాటి సంతానంతో కలిసి పలచబడుతుంది. అందరికీ పోస్తే తట్టుకున్నవే మిగులుతాయి.

ఉష్ణ దేశాల్లో దీనికి మరో మెట్టు ఉంది. తొలకరికి ముందు, ఎండలు మండే వేళ మందు పోస్తే పచ్చిక శుభ్రంగా ఉంటుందని చాలామంది సలహా ఇస్తారు. ఆ లెక్క సగం సరైనదే. మే నెలలో బయట బతికి ఉన్న లార్వాలు అతి తక్కువ. అంటే మందు తగలని పురుగులు ఆ ప్రాంతంలో దాదాపు లేనట్టే. అప్పుడు అన్ని గుర్రాలకూ కలిపి మందు పోస్తే, వానల్లో పచ్చిక నింపేది మందు తట్టుకున్న పురుగుల సంతానమే. చల్లని దేశాల పుస్తకాల్లో ఈ ప్రమాదం ఇంత తీవ్రంగా కనిపించదు. కాబట్టి వేసవి చివర మందు ఇవ్వాలనుకుంటే ఎక్కువ గుడ్లు వదిలే గుర్రాలకూ, పిల్లలకూ పరిమితం చేయడం మంచిది.

పనికొచ్చే పద్ధతి

ఎవరికి మందు అవసరమో చెప్పేది లద్దె పరీక్ష. తూచిన లద్దెను ఉప్పు ద్రావణంలో కలిపి, గీతలున్న ప్రత్యేక గాజు పలక మీద తేలిన గుడ్లను లెక్కపెడతారు. 1930ల చివర సిడ్నీలోని మెక్‌మాస్టర్ ప్రయోగశాలలో రూపొందిన పద్ధతి ఇది. మామూలు సూక్ష్మదర్శిని ఉన్న మండల స్థాయి పశువుల ఆసుపత్రిలోనూ చేయొచ్చు. పెద్ద గుర్రాల్లో గ్రాము లద్దెకు 200 నుంచి 500 గుడ్ల దగ్గర ఎక్కడో ఒక గీత గీసి, దాటినవాటికే మందు ఇవ్వడం చాలా దేశాల్లో ఆచరణ. మందు పోసిన రెండు వారాలకు మళ్లీ లెక్కపెడితే అది పనిచేస్తోందో లేదో తెలుస్తుంది. ఈ లెక్క గోడల్లో దాగిన లార్వాలను చూపదు, రక్తనాళంలోని వల్గారిస్‌నూ చూపదు. అందుకే మందు పూర్తిగా మానేయడం కూడా తప్పే. డెన్మార్క్‌లో చీటీ పద్ధతి వచ్చాక, గుడ్ల లెక్క చూసి మాత్రమే మందు వాడే శాలల్లో వల్గారిస్ తిరిగి కనిపించింది. గుడ్ల లెక్క ఎంతున్నా ఏడాదికి ఒకటి రెండు సార్లు వల్గారిస్‌ను చంపే మందు ఇవ్వాలన్న సలహా అక్కడి నుంచి బలపడింది. వానాకాలం ముగిసే వేళ దానికి మన దగ్గర అనువైన సమయం.

పిల్లల సంగతి వేరు. ఏడాది లోపు వాటికి గుడ్ల గీత వర్తించదు. రెండు మూడు నెలల వయసు నుంచే పారాస్కారిస్‌కు పనిచేసే మందు వైద్యుడి సలహాతో ఇవ్వాలి. మాక్సిడెక్టిన్ పసి పిల్లలకు ప్రమాదకరం. బక్కచిక్కిన గుర్రాల్లోనూ దాన్ని జాగ్రత్తగా వాడాలి.

మోతాదు కంటితో అంచనా వేయడం చాలా చోట్ల జరిగేదే. తక్కువ మోతాదు పురుగును చంపదు, దానికి శిక్షణ ఇస్తుంది. తూకం లేని ఊళ్లో కొలత టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, భుజం నుంచి పిరుదు చివర దాకా ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగిస్తే గుర్రం బరువు కిలోల్లో సుమారుగా వస్తుంది. 140 సెంటీమీటర్ల ఛాతీ, 125 సెంటీమీటర్ల పొడవు ఉన్న తట్టు గుర్రం దాదాపు 206 కిలోలు తూగుతుంది. ఐవర్‌మెక్టిన్ అయితే కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాముల లెక్కన దానికి 41 మిల్లీగ్రాములు కావాలి.

లద్దె ఎత్తడం అన్నిటికంటే చవకైన మందు. వారానికి రెండుసార్లు ఎత్తితే చాలని చల్లని దేశాల పుస్తకాలు చెబుతాయి. మూడు నాలుగు రోజుల్లో లార్వా తయారయ్యే మన ఆగస్టులో ఆ విరామం సరిపోకపోవచ్చు, రోజు విడిచి రోజైనా ఎత్తాలి. ఎత్తినదాన్ని పచ్చిగా పచ్చిక మీద ఎరువుగా చల్లితే చేసిన పనంతా వృథా. కుప్ప వేసి మాగనిస్తే లోపలి వేడికి గుడ్లు చస్తాయి. ఈగలూ తగ్గుతాయి, దాంతో బర్సాతీ కూడా. గేదెలు, ఆవులను గుర్రాలతో మార్చి మార్చి మేపడమూ ఉపయోగమే. గుర్రం స్ట్రాంగైల్స్ పశువుల కడుపులో పెరగవు, అవి మింగిన లార్వాల కథ అక్కడితో ముగుస్తుంది.

టీకా మాటకొస్తే, గుర్రాల నట్టలకు మార్కెట్లో ఏదీ లేదు. సాధ్యం కాదని మాత్రం కాదు. అమెరికాలోని లూసియానాలో రేడియేషన్‌తో బలహీనపరిచిన వల్గారిస్ లార్వాలు ఇచ్చిన పోనీలకు అసలు పురుగు నుంచి రక్షణ లభించింది. ఐవర్‌మెక్టిన్ చవగ్గా దొరుకుతున్న రోజుల్లో ఆ దారిలో డబ్బు పెట్టే కంపెనీ ముందుకు రాకపోవడంలో వింత లేదు. గొర్రెల రక్తం తాగే పురుగుకు 2014లో ఆస్ట్రేలియాలో టీకా అమ్మకానికి వచ్చింది. చిన్న స్ట్రాంగైల్స్ విషయంలో యాభై జాతులను ఒకే టీకాతో ఆపడం అంతకంటే కష్టమైన పని. మన దేశంలో గుర్రాల జబ్బుల మీద పనిచేసే ప్రధాన సంస్థ హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. దానికి బికనేర్‌లో మరో ప్రాంగణం ఉంది. ఒకటి పంజాబ్ మైదానాల అంచున, మరొకటి ఎడారిలో. తడి ఎక్కువగా ఉండే తూర్పు కనుమలు, ఈశాన్యం గుర్రాల లద్దె లెక్కలు కూడా అదే క్రమశిక్షణతో సేకరిస్తే తప్ప, ఏ నెలలో ఎవరికి మందు పోయాలన్న ప్రశ్నకు ఆ ప్రాంతాల పశువైద్యుడు పరాయి క్యాలెండర్ మీదే ఆధారపడాల్సి వస్తుంది.